క్రొత్త లాప్‌టాప్‌లో పాత ఆపరేటింగ్ సిస్టమ్

ఒక పట్టణములో డి.టి.పి. పనిచేయు వ్యక్తి యొకడు క్రొత్త లాప్‌టాప్ కొనెననుకొందము. యంత్రము వేగమైనది, తెర కన్నులకు ఇంపుగా నున్నది. కాని రెండుమూడు దినములు గడచునప్పటికి అతని సంతోషము సగము తగ్గినది. పదునైదేండ్లుగా అతడు శుభలేఖలు, పాఠ్యపుస్తకములు, కవితా సంపుటములు కూర్చిన పేజ్‌మేకర్ ఈ యంత్రములో సరిగా నడచుట లేదు. దుకాణములోని పాత ప్రింటరును ఇది గుర్తించుట లేదు. మీటలున్నచోట మీటలు లేవు. జాబితాలున్నచోట జాబితాలు లేవు. చివరకు అతడు, “యంత్రము క్రొత్తదే ఉండనిండు, లోపల మాత్రము పాత విండోస్ వేయుడు” అని బాగుచేయువాని నడుగును.

ఈ కోరిక ఒక్కరిది కాదు, నేటిది కాదు. 2007లో విండోస్ విస్టా వచ్చినప్పుడు అనేకులు ఎక్స్‌పీ కావలెననిరి. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు విండోస్ 7 కావలెననిరి. 2021లో విండోస్ 11 వచ్చిన పిమ్మట విండోస్ 10 కావలెననువారు బయలుదేరిరి. కొందరి కోరిక సులభముగా నెరవేరినది. కొందరికి తెరపై నీలిరంగు తప్ప మరేమియు కనబడలేదు. మరికొందరు పని ముగియకముందే తమ ఫైళ్లన్నియు పోగొట్టుకొనిరి. ఈ భేదమునకు కారణమేమి? దీనిని గ్రహింపవలెనన్నచో మీట నొక్కిన క్షణము మొదలు యంత్రములో ఏమి జరుగునో తెలిసికొనవలెను.

ఆపరేటింగ్ సిస్టమ్ అనగా నేమి?

కంప్యూటరునకు మెదడువంటిదని చెప్పబడు ప్రాసెసరు నిజమునకు మిక్కిలి స్వల్పమైన పనులు మాత్రమే చేయగలదు. రెండు సంఖ్యలను కూడుట, వాటిని పోల్చుట, ఒకచోటి సంఖ్యను మరియొకచోట ఉంచుట - ఇట్టివే ఆ పనులు. అయితే వీటిని అది సెకనునకు కోట్లకొలది చేయును. ఆ శక్తిని ఏ ప్రోగ్రామునకు ఎంతసేపు ఇయ్యవలెను, మెమరీలో ఎవరికి ఎంత చోటు కేటాయింపవలెను, డిస్కులో ఏ ఫైలు ఎక్కడ నున్నది అను విషయములు చూచుకొను పెద్ద ప్రోగ్రామే ఆపరేటింగ్ సిస్టమ్. దీనిని తెలుగున నిర్వహణ వ్యవస్థ యనవచ్చును.

మన పల్లెలలో చెరువు క్రింది ఆయకట్టునకు నీరు పంచు నీరటికాని పని ఇట్టిదే. రైతులందరికి నీరు కావలెను. కాని ఏ రైతును తనంత తాను తూము ఎత్తరాదు. ఎవరి మడికి ఎన్ని గడియలు నీరు పారవలెనో నీరటికాడే నిర్ణయించి తూము తెరచును. ఇందు చెరువు యంత్రము. రైతులు మనము వాడు ప్రోగ్రాములు. నీరటికాడు ఆపరేటింగ్ సిస్టమ్.

ఇప్పుడు ఆ నీరటికానిని మరియొక ఊరిలో క్రొత్తగా కట్టిన చెరువునకు తీసికొనిపోయితిమనుకొందము. నీరు పంచు విద్య అతనికి తెలిసినదే. కాని ఇక్కడి తూము చేతితో ఎత్తునది కాదు, విద్యుత్తుతో నడుచునది. ఆ మీట ఎక్కడనున్నదో తెలియనంతవరకు అతని విద్య వ్యర్థము. క్రొత్త లాప్‌టాప్‌లో పాత ఆపరేటింగ్ సిస్టమ్‌నకు కలుగు కష్టములలో అధికభాగము ఇట్టిదే.

మీట నొక్కిన పిమ్మట

మీట నొక్కిన క్షణమున యంత్రపు మెమరీ శూన్యముగా నుండును. ఆపరేటింగ్ సిస్టమ్ డిస్కులో నిద్రించుచుండును. దానిని మేల్కొలుపుటకు మరియొక చిన్న ప్రోగ్రాము కావలెను. అది మదర్‌బోర్డు మీది చిప్పులో వ్రాయబడి యుండును. దీనినే ఫర్మ్‌వేర్ అందురు.

1981లో ఐ.బి.ఎం. సంస్థ పర్సనల్ కంప్యూటరును విడుదల చేసినప్పుడు ఈ ఫర్మ్‌వేర్‌నకు బయాస్ అని పేరు. దాని పద్ధతి మిక్కిలి సరళము. డిస్కులోని మొట్టమొదటి సెక్టారును, అనగా 512 బైట్లను, మెమరీలోనికి తెచ్చి, అందులో నున్న ఆదేశములను పాటింపుమని ప్రాసెసరునకు చెప్పుటతో దాని బాధ్యత తీరిపోవును. ఈ 512 బైట్లలో 446 బైట్లు ఆదేశములకు, 64 బైట్లు డిస్కు ఎన్ని భాగములుగా విభజింపబడినదో తెలుపు పట్టికకు, చివరి రెండు బైట్లు గుర్తునకు వినియోగింపబడును. ఈ ఏర్పాటును ఎం.బి.ఆర్. అందురు.

ఈ పట్టికలో సెక్టార్ల సంఖ్యను వ్రాయుటకు 32 బిట్ల చోటు మాత్రమే కలదు. 32 బిట్లలో 4,29,49,67,296 విలువలు ఇమిడియుండును. ఒక్కొక్క సెక్టారు 512 బైట్లు కనుక, గుణించి చూచినచో సుమారు 2.2 లక్షల కోట్ల బైట్లు, అనగా రెండు టెరాబైట్లకు కొంచెము మించిన పరిమాణము వచ్చును. అంతకుమించిన డిస్కును ఈ పట్టిక పూర్తిగా వర్ణింపజాలదు. 1980 ప్రాంతములలో ఇది ఊహకందని పరిమాణము. నేడు బజారులో దొరకు సామాన్యమైన డిస్కు.

అందువలన క్రొత్త పద్ధతి కావలసివచ్చినది. ఇంటెల్ సంస్థ ప్రారంభించిన ఒక ప్రయత్నము 2005లో పలు సంస్థలు కలసి ఏర్పరచిన సమాఖ్య చేతిలోనికి వచ్చి, యూ.ఈ.ఎఫ్.ఐ. అను పేర స్థిరపడినది. దీనితోపాటు జి.పి.టి. అను క్రొత్త విభజన పట్టికయు వచ్చినది. ఇందు సెక్టార్ల సంఖ్యకు 64 బిట్లు కలవు. అంతేకాక, ఈ క్రొత్త ఫర్మ్‌వేర్ మొదటి సెక్టారును గ్రుడ్డిగా చదువదు. డిస్కులో తనకై ప్రత్యేకింపబడిన భాగములోనికి పోయి, అందులోని ఒక ఫైలును పేరుతో వెదకి, దానిని నడపును.

సామాన్య గృహ కంప్యూటర్లకై తయారైన ఎక్స్‌పీకి ఈ పద్ధతి తెలియదు. 64 బిట్ల విండోస్ 7నకు తెలియును. కాని తెరపై బొమ్మ చూపుటకు అది పాత బయాస్ సేవలను కొంత ఆశ్రయించును. ఇట్టివాటికొరకు యూ.ఈ.ఎఫ్.ఐ.లో బయాస్ వలె నటించు ఒక విభాగమును కొంతకాలము ఉంచిరి. దానిని సి.ఎస్.ఎం. అందురు. 2020 నాటికి దీనిని తొలగింతుమని ఇంటెల్ 2017లో ప్రకటించినది. ఆ విభాగము లేని లాప్‌టాప్‌లో ఎక్స్‌పీకి గుమ్మమే లేదు. విండోస్ 7 గుమ్మము దాటియు తెర చూపలేక నిలిచిపోవును.

పెట్టెలో పెట్టిన తాళపుచెవి

గుమ్మము దాటినంతమాత్రమున చిక్కులు తీరవు. తెర, కీబోర్డు, డిస్కు, వైఫై మున్నగు ప్రతి పరికరముతోను మాటాడుటకు ఆపరేటింగ్ సిస్టమ్‌నకు ఒక్కొక్క చిన్న ప్రోగ్రాము కావలెను. వీటిని డ్రైవర్లందురు. ఆపరేటింగ్ సిస్టమ్ తయారైననాటికి ఉన్న పరికరముల డ్రైవర్లు దానితో వచ్చును. తరువాత పుట్టిన పరికరముల డ్రైవర్లు దానియందు ఎట్లుండును?

దీనికి విస్టా-ఎక్స్‌పీ చరిత్ర చక్కని ఉదాహరణము. ఎక్స్‌పీ 2001 అక్టోబరు 25న విడుదలయైనది. నాటి హార్డ్ డిస్కులు ఐ.డి.ఇ. పద్ధతిలో పనిచేసెడివి, ఒక కోరిక తీరిన పిమ్మటనే సాధారణముగా మరియొక కోరిక. తరువాత సాటా డిస్కులు, వాటితో మాటాడుటకు ఎ.హెచ్.సి.ఐ. అను పద్ధతి వచ్చినవి. ఇందు 32 కోరికలను ఒకేసారి వరుసలో నుంచవచ్చును; డిస్కు తనకు అనుకూలమైన క్రమములో వాటిని తీర్చును. విస్టా ఈ పద్ధతిని ఎరిగియున్నది, ఎక్స్‌పీ ఎరుగదు.

విస్టా 2007 జనవరి 30న ప్రజలకు విడుదలయైనది. ఎక్స్‌పీ కనీసము 64 మెగాబైట్ల మెమరీతో నడువగా, విస్టాకు కనీసము 512 మెగాబైట్లు కావలసియుండెను. దాని సొగసులన్నియు చూడవలెనన్నచో ఒక గిగాబైటు కావలెను. చవుక లాప్‌టాప్‌లు ఈ బరువును మోయలేకపోయినవి. పైగా డ్రైవర్ల నిర్మాణము మారినందున అనేక పాత ప్రింటర్లు, స్కానర్లు పనిచేయకపోయినవి. కావున ఎందరో ఎక్స్‌పీ సీడీని క్రొత్త లాప్‌టాప్‌లో పెట్టిరి. ప్రారంభములో అంతయు సవ్యముగా జరిగెడిది. కొంతసేపటికి తెర నీలిరంగునకు తిరిగి, 0x0000007B అను సంఖ్య కనబడెడిది. ప్రారంభమునకు కావలసిన డిస్కు తనకు అందుట లేదని దాని అర్థము.

ఇందలి చిక్కును గమనింపుడు. డిస్కును చదువుటకు డ్రైవరు కావలెను. ఆ డ్రైవరును తరువాత నింపుదమన్నచో దానిని డిస్కులోనే ఉంచవలెను. పెట్టె తాళపుచెవిని ఆ పెట్టెలోనే పెట్టి మూసినట్లయినది. ఎక్స్‌పీని నిర్మించినవారు ఈ అవసరమును కొంత ఊహింపకపోలేదు. ప్రారంభములో ఎఫ్6 మీట నొక్కినచో ఫ్లాపీ నుండి డ్రైవరును తీసికొను వీలు కల్పించిరి. కాని 2007 నాటి లాప్‌టాప్‌లలో ఫ్లాపీ అరయే అరుదు!

దీనికి రెండు ఉపాయములు వాడుకలోనికి వచ్చినవి. మొదటిది, బయాస్ పట్టికలోనికి పోయి ఎ.హెచ్.సి.ఐ.ని ఐ.డి.ఇ.గా మార్చుట. అప్పుడు క్రొత్త డిస్కు పాత డిస్కువలె ప్రవర్తించును. కొంత వేగము తగ్గినను పని జరుగును. రెండవది, ఎక్స్‌పీ సీడీలోని ఫైళ్లకు ఆ డ్రైవరును ముందుగానే చేర్చి క్రొత్త సీడీ తయారుచేయుట. ఇది కొంత నేర్పు కోరునది.

ఇదే కథ తరువాతి తరములలో పాత్రలు మారి పునరావృతమైనది. విండోస్ 7 2009 అక్టోబరులో వచ్చినది, యూ.ఎస్.బి. 3.0 డ్రైవరు దానియందు లేదు. 2015లో ఇంటెల్ ఆరవ తరపు ప్రాసెసర్లతోడి యంత్రములలో యూ.ఎస్.బి. 2.0 కంట్రోలరును విడిగా ఉంచుట మానిరి. ఫలితముగా విండోస్ 7 ప్రతిష్ఠాపన మొదలగునంతనే మౌసు కదలదు, యూ.ఎస్.బి. కీబోర్డు పలుకదు. ఏ పెన్‌డ్రైవ్ నుండి తాను బయలుదేరినదో ఆ పెన్‌డ్రైవ్‌నే అది గుర్తింపలేక, డ్రైవరు లోపించినదని చెప్పి ఆగిపోవును. క్రొత్త లాప్‌టాప్‌లలోని ఎన్.వి.ఎం.ఇ. డిస్కులకును మూల విండోస్ 7లో డ్రైవరు లేదు, ప్రత్యేకముగా చేర్చవలసినదే.

విండోస్ 10 సైతము ఈ కష్టమునకు అతీతము కాదు. 2020లో వచ్చిన ఇంటెల్ 11వ తరము మొదలు పెక్కు లాప్‌టాప్‌లలో డిస్కులను వి.ఎం.డి. అను నియంత్రకము వెనుక నుంచుచున్నారు. అట్టి యంత్రములో విండోస్ 10 ప్రతిష్ఠాపన ప్రారంభించినచో డిస్కే లేదని చెప్పుట కలదు. డిస్కు ఎక్కడికిని పోలేదు. దానిని చూచు కన్ను మాత్రమే లేదు. ఇంటెల్ వారి డ్రైవరును పెన్‌డ్రైవ్‌లో నుంచి ఆ ఘట్టమున చూపినచో డిస్కు ప్రత్యక్షమగును.

లక్కముద్ర, తాళపుసంఖ్య

పూర్వము రాజుగారి లేఖకు లక్కముద్ర వేసెడివారు. ముద్ర చెదరినచో లేఖను నమ్మెడివారు కారు. సెక్యూర్ బూట్ అను ఏర్పాటు ఇట్టిదే. యంత్రము మేల్కొనునప్పుడు మొదట నడచు ప్రోగ్రాముపై నమ్మదగిన సంస్థ యొక్క అంకీయ సంతకమున్నదా యని ఫర్మ్‌వేర్ పరిశీలించును. ప్రోగ్రాములో ఒక్క బిట్టు మారినను సంతకము సరిపోదు. ఫర్మ్‌వేర్ దానిని నడువనీయదు. ఆపరేటింగ్ సిస్టమ్ కంటె ముందే మేల్కొని దానిని వశపరచుకొను దుష్ట ప్రోగ్రాములను అరికట్టుటకే ఈ ఏర్పాటు. 2012లో విండోస్ 8 గుర్తింపు పొందిన యంత్రములన్నిటియందును దీనిని అమలులో ఉంచి అమ్మవలెనని మైక్రోసాఫ్ట్ నియమము చేసినది.

విండోస్ 10నకు ఈ ముద్ర కలదు. కనుక 11 నుండి 10నకు పోవువారికి ఇది అడ్డు కాదు. విండోస్ 7 ఈ ఏర్పాటును ఎరుగదు. దానిని వేయువారు సెక్యూర్ బూట్‌ను తొలగింపవలసియుండును. అనగా ద్వారపాలకుని పంపివేసి ఇంట ప్రవేశించుట.

ఇక్కడనే పెక్కుమంది పెద్ద ప్రమాదమున పడుదురు. ఈ కాలపు లాప్‌టాప్‌లలో చాలవాటియందు డిస్కులోని సమాచారము యజమాని ఎరుగకయే గూఢలిపిలోనికి మార్చబడియుండును. దీనిని బిట్‌లాకర్ లేక డివైస్ ఎన్‌క్రిప్షన్ అందురు. దాని తాళము టి.పి.ఎం. అను చిప్పులో నుండును. ప్రారంభ పద్ధతిలో మార్పు కనబడినచో చిప్పు అనుమానించి తాళము ఈయదు. యంత్రము 48 అంకెల రికవరీ కీ అడుగును. అది సాధారణముగా యజమాని యొక్క మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రపరచబడియుండును. ఆ ఖాతా దుకాణదారుడు తెరచినదై, దాని పాస్‌వర్డు ఎవరికిని జ్ఞాపకము లేనిచో, డిస్కులోని పెండ్లి ఫోటోలు, లెక్కలు, వ్రాతప్రతులు కండ్లయెదుటనే ఉండియు అందకుండపోవును. దొంగనుండి కాపాడుటకు చేసిన తాళము యజమానినే బయట నిలుపును. కనుక ఫర్మ్‌వేర్‌లో ఏ మీటను తాకకముందే ఈ 48 అంకెలను కాగితముపై వ్రాసియుంచుకొనవలెను.

నడచుట వేరు, చక్కగా నడచుట వేరు

డ్రైవర్లన్నియు దొరకినవనుకొందము. అప్పటికిని పాత ఆపరేటింగ్ సిస్టమ్ క్రొత్త ప్రాసెసరును పూర్తిగా వినియోగించుకొనునని చెప్పలేము. 2021 చివర వచ్చిన ఇంటెల్ 12వ తరము ప్రాసెసర్లలో రెండు రకముల కోర్లు కలవు. కొన్ని వేగమైనవి, విద్యుత్తు ఎక్కువ త్రాగునవి. కొన్ని నెమ్మదియైనవి, పొదుపైనవి. బరువైన పనిని మొదటివానికి, తేలికపనిని రెండవవానికి అప్పగించినప్పుడే లాభము. ఏ పని ఎట్టిదో ప్రాసెసరు స్వయముగా సూచించు ఏర్పాటును ఇంటెల్ చేసినది. ఆ సూచనలను పూర్తిగా గ్రహించునట్లు విండోస్ 11 తీర్చిదిద్దబడినది. విండోస్ 10 అంతగా గ్రహింపదు. ఇంతకంటె పాత వ్యవస్థలకు కోర్లలో భేదమున్నదను సంగతియే తెలియదు. గిత్తను, ముసలియెద్దును భేదమెరుగక ఒకే కాడికి కట్టు రైతువలె అవి వ్యవహరించును. ఫలితముగా బ్యాటరీ త్వరగా తరుగును, పని వేగము తగ్గును.

అతుకులు లేని కట్ట

చెరువుకట్టకు ఏటేట గండ్లు చూచి పూడ్చువారుండవలెను. ఆపరేటింగ్ సిస్టమ్ కోట్లకొలది ఆదేశముల నిర్మాణము. అందు లోపములు బయటపడుచునే యుండును. తయారీదారులు నెలనెల పంపు సవరణలే ఆ పూడికలు. పాత వ్యవస్థలకు ఒక దినముతో ఈ సేవ నిలిచిపోవును. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7నకు 2020 జనవరి 14న, విండోస్ 10నకు 2025 అక్టోబరు 14న సాధారణ సేవ ముగిసినది. విండోస్ 10నకు మాత్రము ప్రత్యేకముగా నమోదు చేసికొన్నవారికి మరికొంత గడువు ఈయబడినది.

ఇందు ప్రమాదమెంతటిదో 2017 మే నెలలో ప్రపంచము చూచినది. ఆ నెల 12వ తేదీన వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము బయలుదేరి, కొలది దినములలో 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లను పట్టినది. ఫైళ్లను గూఢలిపిలోనికి మార్చి, విడిపించుటకు సొమ్ము అడుగుట దాని పద్ధతి. ఇంగ్లండులో ఆసుపత్రుల పని స్తంభించినది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు సైతము దీనికి లోనైనట్లు వార్తలు వచ్చినవి. ఆ లోపమునకు సవరణను మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, విడుదల చేసియుండెను. దెబ్బతిన్న యంత్రములలో అధికభాగము ఆ సవరణ వేసికొనని విండోస్ 7 యంత్రములని తరువాత తేలినది. అనగా సవరణ వచ్చియు వేసికొననివారే అంత నష్టపడిరి. సవరణయే రాని వ్యవస్థను క్రొత్తగా వేసికొనువారి సంగతి చెప్పనేల?

2022లో విండోస్ 11 నుండి 10నకు మరలినవాని నిర్ణయమునకు అర్థముండెను. అప్పటికి మూడేండ్ల సేవ మిగిలియుండెను. అదే నిర్ణయమునకు నేడు అంత బలము లేదు.

హక్కు సంగతి

పాత ఆపరేటింగ్ సిస్టమ్ వేసికొనుటకు చట్టసమ్మతమైన హక్కు ఉండవలెను. లాప్‌టాప్‌తో వచ్చిన లైసెన్సు అన్ని రకములకు ఒకే తీరున ఉండదు. విస్టా కాలమున బిజినెస్, అల్టిమేట్ రకములు కొన్నవారికి ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌నకు మరలు హక్కు నిచ్చిరి. హోమ్ రకములు కొన్నవారికి ఈయలేదు. విండోస్ 11లోను ప్రో రకమునకు ఇట్టి హక్కు కలదు. హోమ్ రకమునకు లేదు. దొంగ ప్రతులతో ఈ కొరతను తీర్చుకొనువారు కలరు. ఆ ప్రతులలో మరెవరు ఏమి చేర్చియున్నారో తెలియదు. చట్టము మాట అటుండ, ఇంటి తాళపుచెవిని ముఖమెరుగనివానికి ఇచ్చుటయే అది.

పాత పని, క్రొత్త యంత్రము - మధ్యేమార్గము

ఇంతకును మన డి.టి.పి. పనివానికి కావలసినది పాత విండోస్ కాదు. పాత విండోస్‌లో నడచు ఒకటి రెండు ప్రోగ్రాములు. ఈ రెంటి భేదమును గుర్తించుటతో సగము చిక్కు విడిపోవును.

అతని అవసరము నిజమైనది. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7.0 తరువాత ఆ ప్రోగ్రామునకు క్రొత్త రూపము రాలేదు. అది యూనికోడ్ ఎరుగదు. తెలుగు డి.టి.పి.లో చిరకాలము వాడిన ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు తలకట్లను, గుడులను, ఒత్తులను ముక్కలుగా అమర్చినవి. ఆ ఫాంటు లేనిచో ఫైలు తెరచినప్పుడు తెలుగునకు బదులు అర్థములేని ఇంగ్లీషు అక్షరములు కనబడును. ఎన్నియో తెలుగు పుస్తకముల పుటలు నేటికిని ఈ రూపముననే ఉన్నవి. అట్లే డాస్ కాలపు ఫాక్స్‌ప్రోలో వ్రాసిన జమాఖర్చుల ప్రోగ్రాములు గల దుకాణములు కలవు. 64 బిట్ల విండోస్ డాస్ ప్రోగ్రాములను నడుపదు; విండోస్ 11నకు 32 బిట్ల రూపమే లేదు.

ఇట్టివారికి చక్కని మార్గము వర్చువల్ మెషీన్, అనగా యంత్రములో మిథ్యాయంత్రము. క్రొత్త ఆపరేటింగ్ సిస్టమ్ తన స్థానమున తాను ఉండగా, దానిలో ఒక ప్రోగ్రాము పాత కంప్యూటరు వలె నటించును. దానికి పాత డిస్కు, పాత తెర ఉన్నట్లు చూపును. ఎక్స్‌పీ ఆ మిథ్యాయంత్రములో తన కాలపు పరికరములే ఉన్నవని నమ్మి హాయిగా పనిచేయును. డ్రైవర్ల చిక్కు లేదు, యూ.ఈ.ఎఫ్.ఐ. బెడద లేదు. దానికి ఇంటర్నెట్ సంబంధము త్రెంచివేసినచో బయటి దుష్ట ప్రోగ్రాములు చేరు ప్రధాన మార్గము మూసికొనిపోవును. విండోస్ 7 ప్రొఫెషనల్ కొన్నవారికి మైక్రోసాఫ్ట్ సంస్థయే ఎక్స్‌పీ మోడ్ అను పేర ఇట్టిదానిని ఇచ్చినది.

ఈ ఆలోచన నేటిది కాదు. 1964 ఏప్రిల్ 7న ఐ.బి.ఎం. తన సిస్టమ్/360 శ్రేణిని ప్రకటించినప్పుడు, 1401 యంత్రములపై ప్రోగ్రాములు వ్రాసికొన్న సంస్థలు తమ శ్రమ వృథాయగునని భయపడినవి. అందువలన ఆ శ్రేణిలోని కొన్ని యంత్రములు 1401 వలె ప్రవర్తించి పాత ప్రోగ్రాములను నడుపునట్లు ఏర్పాటు చేసిరి. క్రొత్తదానిని అమ్మువాడు పాతదానికి చోటు చూపవలసినదే యని కంప్యూటరు పరిశ్రమ తొలిదినములలోనే గ్రహించినది.

ముందుగా చేయవలసిన పనులు

అయినను యంత్రములోనే పాత వ్యవస్థను వేయక తప్పనివారు కొందరుందురు. వారు ఈ క్రమమును పాటించుట మేలు.

మొదట, లాప్‌టాప్ తయారీదారుని వెబ్‌సైటులో ఆ మోడల్‌నకు, కోరిన ఆపరేటింగ్ సిస్టమ్‌నకు డ్రైవర్లు ఉన్నవా యని చూడవలెను. లేనిచో అక్కడనే ఆగుట వివేకము. ఉన్నచో అన్నిటిని, ముఖ్యముగా డిస్కు, వైఫై డ్రైవర్లను పెన్‌డ్రైవ్‌లో దింపుకొనవలెను. వైఫై డ్రైవరు లేనిదే ఇంటర్నెట్ లేదు; ఇంటర్నెట్ లేనిదే తక్కిన డ్రైవర్లు రావు.

రెండవది, సొంత ఫైళ్లన్నిటిని వేరొక డిస్కులోనికి నకలు తీసి, ఆ నకలును తెరచి చూడవలెను. తెరచి చూడని నకలు నకలు కాదు.

మూడవది, 48 అంకెల రికవరీ కీ వ్రాసికొనవలెను.

నాలుగవది, తిరుగుదారి సిద్ధపరచుకొనవలెను. క్రొత్త యంత్రపు డిస్కులో తయారీదారుడు ఉంచిన రికవరీ భాగమును చోటు కలిసివచ్చునని చెరిపివేయరాదు. దాని నుండి రికవరీ పెన్‌డ్రైవ్ తయారుచేసికొనవలెను. పాత లాప్‌టాప్‌నే విండోస్ 10 నుండి 11నకు పెంచుకొన్నవారికి మరలివచ్చుటకు సామాన్యముగా పది దినముల గడువుండును. ఆ లోపల పాత ఫైళ్లు విండోస్.ఓల్డ్ అను ఫోల్డరులో నిలుచును. విండోస్ 11తోనే కొన్న యంత్రములో అట్టి ఫోల్డరు ఉండదు. వెనుకకు వచ్చుట యనగా డిస్కును తుడిచి మరల మొదలుపెట్టుటయే.

ఐదవది, ఫర్మ్‌వేర్‌లో మార్చు ప్రతి అంశమును మార్చకముందు ఎట్లున్నదో కాగితముపై వ్రాసికొనవలెను.

పాత వ్యవస్థకు మరలవలెనను కోరికను తెలివితక్కువ యని కొట్టివేయరాదు. మనిషి చేతికి అలవడిన పనిముట్టు అతని నేర్పులో భాగము. కాని ఆ నేర్పు నిలుచునది పనిముట్టులో కాదు, చేసిన పనిలో. డి.టి.పి. పనివాడు తన పాత పుటలను మిథ్యాయంత్రములో తెరచి, కొంచెము కొంచెముగా యూనికోడ్‌లోనికి మార్చుకొనుచు పోయినచో, కొన్ని సంవత్సరముల తరువాత అతనికి ఏ విండోస్ వచ్చినను, ఏది పోయినను చింతయుండదు. అప్పటివరకు మూలలోనున్న పాత కంప్యూటరును అమ్మివేయకుండుట మంచిది. దాని ఇంటర్నెట్ తీగను మాత్రము నేడే ఊడదీయవలెను.